కందిలో నూరు గజాలు కొనేముందు

కంది చౌరస్తాలో పొద్దున ఏడు గంటలకు నిలబడితే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. పని కోసం ఎదురుచూసేవాళ్లు ఒక రకం. వాళ్ల చేతుల్లో సద్ది డబ్బా, పార, తాపీ ఉంటాయి. ఆ పనివాళ్ల కోసమే ఎదురుచూసేవాళ్లు రెండో రకం. వాళ్ల చేతుల్లో రంగురంగుల కాగితాలు ఉంటాయి. ఐఐటీకి ఎంత దగ్గరో, రింగురోడ్డుకు ఎన్ని నిమిషాలో, కంతుల మీద ఎట్లా ఇస్తారో అందులో అచ్చు వేసి ఉంటుంది. ఆ భూమి ఎవరిదో మాత్రం అందులో ఉండదు.

ఈ మధ్య అదే చౌరస్తాలో ఒక తాపీ కూలీ అడిగాడు: "అన్నా, పదిహేనేండ్ల సంది చిట్టీలు కట్టినం. ఇంటామె మెడల గొలుసు గూడ అమ్ముదమంటున్నది. నూరు గజాల జాగ కొందామని ఉన్నం. ఏమేం జూడాలె?"

కొనొద్దని చెప్పడం తేలిక. కానీ ఆయన పటాన్‌చెరు దిక్కు ఒక్క రేకుల గదిలో, నలుగురు పిల్లలతో, నెలనెలా కిరాయి కట్టుకుంటూ బతుకుతున్నాడు. సొంత జాగ కావాలనుకోవడం అత్యాశ కాదు, హక్కు. కాబట్టి ఆయన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. ఆయనకు చూపించిన జాగ వివరం అడిగితే తెలిసింది, అది లావుణి పట్టా భూమిలో ఒక ముక్క. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆయన తండ్రికి సొంత ఊళ్లో సర్కారు ఎకరంన్నర లావుణి పట్టా ఇచ్చింది. ఆడపిల్ల పెండ్లికి దాన్ని తెల్ల కాగితం మీద ఒక ఆసామికి రాసిచ్చేశాడు. అంటే తండ్రి పోగొట్టుకున్నలాంటి భూమినే కొడుకు ఇప్పుడు గజాల లెక్కన కొనబోతున్నాడు. ఈ బెల్టులో భూమి వ్యాపారమంతా ఈ ఒక్క కుటుంబం కథలో ఉంది. ఒకచోట పేదవాడి చేతిలోంచి చౌకగా లాగి, ఇంకోచోట మరో పేదవాడికి ప్రియంగా అంటగడతారు. మధ్యలో లాభం దళారీది.

అందుకే కందిలో జాగ కొనేవాడు ధర అడగడానికి ముందు ఒక ప్రశ్న వేయాలి. ఈ భూమి ఎవరి చేతిలోంచి, ఏ చట్టం కింద, ఇక్కడిదాకా వచ్చింది?

ధర ఎవరు పెంచారు?

ఈ దిక్కు భూమికి ధర రియలెస్టేటు వ్యాపారి తెచ్చింది కాదు. 1960 దశకంలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ సుమారు 3,500 ఎకరాల్లో వెలిసింది. 1970 దశకం నడుమ నుంచి పటాన్‌చెరు పారిశ్రామిక వాడ పెరిగింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన తర్వాత ఫ్యాక్టరీలు మరింత జోరుగా వచ్చాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం మొదలైంది. 2008లో హైదరాబాద్ ఐఐటీ ఏర్పడి కొన్నేళ్లు ఆ కర్మాగారం ఆవరణలోనే నడిచింది. 2015లో కందిలోని సొంత ప్రాంగణానికి మారింది. అది 576 ఎకరాలు. ఇటు ముత్తంగి దగ్గర అవుటర్ రింగురోడ్డు, అటు సంగారెడ్డి అవతల రాబోయే ప్రాంతీయ రింగురోడ్డు. నడుమ 65వ నంబరు జాతీయ రహదారి మీద కంది.

ఇదంతా ప్రజల సొమ్ముతో, పేద రైతాంగం వదులుకున్న భూములతో, కూలీల రెక్కలతో జరిగింది. ఫ్యాక్టరీ రావొద్దని, కాలేజీ రావొద్దని మనం అనడం లేదు. అవి పని చూపించాయి. కానీ వాటివల్ల పెరిగిన భూమి విలువ ఎవరి జేబులోకి పోయింది? గోడలు కట్టిన మేస్త్రీకి ఆ గోడ పక్కన నూరు గజాలు కొనే శక్తి లేకుండా పోయింది.

లెక్క చూడండి. ఎకరానికి 40 గుంటలు. గుంటకు 121 గజాలు. మొత్తం 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ జాగాకు 40 శాతం పోయినా 2,904 గజాలు మిగులుతాయి. మాటవరసకు రైతు దగ్గర ఎకరం కోటి రూపాయలకు తీసుకున్నారనుకోండి. గజం 10 వేలకు అమ్మితే 2 కోట్ల 90 లక్షలు వస్తాయి. చాలాసార్లు దళారీ ఆ కోటి కూడా పెట్టడు. నాలుగు లక్షలు బయానా ఇచ్చి, అగ్రిమెంటు రాయించుకొని, మన చిట్టీ పైసలతోనే రైతుకు కిస్తులు కడతాడు. వ్యాపారం తప్పితే నష్టపోయేది రైతు, కూలీ. లాభమొస్తే తినేది ఆయన.

భూమి జాతకం

మన తెలంగాణలో భూమి అంటే ఒక రకం కాదు. పట్టా ఉంది, లావుణి పట్టా ఉంది, ఇనాం ఉంది, శికం ఉంది, భూదాన్ ఉంది, వక్ఫ్ ఉంది, ఊరుమ్మడి గైరాన్ ఉంది. పైకి చూస్తే అన్నీ ఒకే మట్టి. రాళ్లు పాతి, ముగ్గు పోసి, గేటు పెడితే అసలు తేడా తెలియదు.

ఇందులో అన్నిటికంటే ఎక్కువ మోసం జరిగేది లావుణి పట్టా భూమి, అంటే అసైన్డు భూమి దగ్గర. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన భూమిని అమ్మరాదు, కొనరాదు అని 1977లో 9వ నంబరు చట్టం వచ్చింది. తండ్రి నుంచి బిడ్డలకు రావచ్చు. బ్యాంకులో, సహకార సంఘంలో దాని మీద అప్పు తెచ్చుకోవచ్చు. అమ్మకం మాత్రం చెల్లదు. అమ్మినట్టు తేలితే కలెక్టరు దాన్ని వెనక్కి తీసుకొని అసలు పేదవాడికి గాని ఆయన వారసులకు గాని తిరిగి ఇవ్వాలి. కొన్నవాడికి జైలు, జరిమానా కూడా చట్టంలో ఉన్నాయి. కాబట్టి అసైన్డు భూమిని అమ్మినవాడి హక్కు అమ్మకంతో పోదు, కొన్నవాడికి హక్కు రాదు. పైసలు మాత్రం పోతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు నిండిన అసైన్డు భూమిని అమ్ముకునే వీలు కల్పించారు. అది చూపించి ఇక్కడ కూడా అమ్మవచ్చని కొందరు నమ్మిస్తున్నారు. అక్కడి సవరణ ఇక్కడికి వర్తించదు.

ఇట్లాంటి రక్షణలు పాలకులు దయతలచి ఇచ్చినవి కావు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం వెనుక ఉండబట్టే 1950 కౌల్దారీ చట్టం వచ్చింది. రక్షిత కౌల్దారుకు 38-ఇ కింద యాజమాన్య హక్కు వచ్చింది. శ్రీకాకుళం గిరిజనుల పోరు నడుస్తున్న కాలంలోనే 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్ వచ్చింది. దాని ప్రకారం అరకు, పాడేరు కొండ ఊళ్లలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదు. చల్లటి కొండ మీద ఇల్లు కావాలని మురిసేవాడికి అక్కడ బినామీ పేరు మీద జాగ చూపిస్తారు. ఇక్కడ కందిలో తెల్ల కాగితం మీద చూపిస్తారు. చట్టాన్ని దాటే దారి వేరు, పోయే భూమి మాత్రం పేదవాడిదే.

శికం భూమి సంగతి ఇంకోటి. ఎండాకాలం చెరువు వట్టిపోయినప్పుడు అది చదునైన మైదానంలా కనిపిస్తుంది. కొన్నిచోట్ల దానికి పట్టా కూడా ఉంటుంది. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే ఆ పట్టా, ఇల్లు కట్టడానికి కాదు. అందుకే జాగ చూడడానికి మాఘమాసంలో కాదు, వానలు దంచికొట్టే శ్రావణంలో పోవాలి. ఊళ్లో గొర్లకాపరిని, బట్టలుతికే అవ్వను అడగాలి. చెరువు నిండితే నీళ్లు ఎందాకా వస్తాయో ఏ నక్షా కంటే వాళ్లకే బాగా తెలుసు.

కాగితం ఉంటే చాలదు

"రిజిస్ట్రేషన్ అయితది, ఇంకేం భయం?" అంటాడు దళారీ. 2024 సెప్టెంబరులో మన జిల్లాలోనే అమీన్‌పూర్ మండలం కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలలో సర్కారు భూమిలో కట్టారని ఇళ్లు, భవనాలు కూల్చారు. రిజిస్ట్రేషన్ కాగితాలు పట్టుకొని ఏడ్చినవాళ్లను అందరం చూశాం. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముద్ర అమ్మకం జరిగిందని చెప్తుంది. అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందని చెప్పదు.

కాబట్టి తాపీ అన్నకు, ఆయనలాంటి వాళ్లందరికీ చెప్పే మొదటి మాట: బయానా ఇవ్వడానికి ముందు రెండు మూడు రోజుల కూలి పోయినా సరే, ఆఫీసుల చుట్టూ తిరగండి. సర్వే నంబరు అడగండి. ప్లాటు నంబరు చెప్పి సర్వే నంబరు దాచేవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 30 ఏళ్ల ఈసీ తీయించండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందేమో చూడండి. తహసీల్ ఆఫీసులో పాత పహాణీలు, వీలైతే 1954-55 నాటి ఖాస్రా పహాణీ, సేత్వార్ నకళ్లకు దరఖాస్తు పెట్టండి. ఖాస్రాలో సర్కారీ అని ఉండి, ఇవ్వాళ్టి కాగితంలో పట్టా అని ఉంటే, నడుమ ఏం జరిగిందో అడగాల్సిందే.

కంప్యూటర్‌లో పేరు కనబడితే చాలనుకోవద్దు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. అందులో అనుభవదారు కాలమే లేదు. ఏళ్ల తరబడి దున్నుతున్న కౌలుదార్లు, సాదాబైనామా మీద కొనుక్కున్న చిన్న రైతులు అందులో కనిపించకుండా పోయారు. ఎప్పుడో ఊరు విడిచిన దొరల వారసుల పేర్లు మళ్లీ తేలాయి. 2025 ఏప్రిల్ 14న ధరణి పోయి భూభారతి వచ్చింది. అప్పీలుకు దారి తెరిచారు, అది మంచిదే. కానీ పాత తప్పులన్నీ ఒక్క పేరు మార్పుతో పోవు. అందుకే పొలం మీదికి పోయి ఎవరు దున్నుతున్నారో, గెట్టు పక్కవాళ్లెవరో చూడండి. భూమి మీద ఒకరు, కాగితం మీద ఒకరు ఉంటే అక్కడ తగాదా ఉన్నట్టే లెక్క.

రెండో మాట: జీపీఏ మీద, నోటరీ కాగితం మీద ఇల్లు కట్టొద్దు. జీపీఏ అమ్మకంతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. వంద రూపాయలు దాటిన ఏ స్థిరాస్తి అమ్మకమైనా రిజిస్టరు కావాల్సిందే.

మూడో మాట: గుంటల లెక్కన అమ్మే "ఫామ్ ప్లాటు" ఇంటి జాగ కాదు. అది సాగుభూమి. లేఅవుటు మంజూరు లేదు, రోడ్డు పంచాయతీకి రాసివ్వరు, ఇంటికి అనుమతి రాదు. పంచాయతీ ముద్ర వేసిన నక్షా కూడా లేఅవుటు మంజూరు కాదు. హెచ్‌ఎండీఏ గాని డీటీసీపీ గాని ఇచ్చిన నంబరు ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటినా, 8 ప్లాట్లు దాటినా రెరాలో నమోదు ఉండాలి. 2020 ఆగస్టులో ఎల్‌ఆర్‌ఎస్ పెడితే రాష్ట్రంలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే అన్ని లక్షల మంది అనుమతి లేని ప్లాట్లు కొన్నారన్నమాట. అమ్మినవాడు లాభం తీసుకొని పోయాడు. క్రమబద్ధీకరణ రుసుము కొన్నవాడి నెత్తిన పడింది. అది కూడా ఆ ఏడాది ఆగస్టు 26 లోపు రిజిస్టరైన వాటికే. ఇవ్వాళ కొనేవాడు ఆ దారిని నమ్ముకోవద్దు.

నాలుగో మాట: రిజిస్ట్రేషన్ ఇంటామె పేరు మీద గాని ఇద్దరి పేరు మీద గాని చేయించండి. గొలుసు ఆమెది, చిట్టీలో సగం కూలి ఆమెది. కాగితంలో మాత్రం ఆమె ఎందుకు ఉండొద్దు?

నీళ్లు తాగి చూడండి

ఈ పారిశ్రామిక బెల్టులో కొనేవాడు మట్టిని ఒక్కదాన్నే కొనడు. దాని కింద నీళ్లను, పైన గాలిని కూడా కొంటాడు.

నక్కవాగు పటాన్‌చెరు దిక్కు నుంచి పారి మంజీరలో కలుస్తుంది. ఒకప్పుడు దాని మీద వరి పండేది. మందుల, రసాయనాల ఫ్యాక్టరీల వ్యర్థ జలం కలిశాక పోచారం, లక్డారం, ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్లలో పొలాలు పాడైపోయాయి, బావులు రంగు మారాయి, పశువులు చచ్చాయి. పటాన్‌చెరు డాక్టరు అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు రైతులతో కలిసి ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. అక్కడి నుంచి హైకోర్టుకు, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు వచ్చి 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్లు! శుద్ధి కేంద్రం పెట్టారు, ఆ నీళ్లను పైపులైనులో అంబర్‌పేట దాకా తరలించారు. కానీ భూమి లోపలికి ఇంకిన విషం ఏ పైపులో పోతుంది?

ఇక్కడి మంజీర, సింగూరు నీళ్లు దశాబ్దాల పాటు హైదరాబాద్ దాహం తీర్చాయి. ఇక్కడి కూలీ మాత్రం ట్యాంకరు నీళ్లు కొంటున్నాడు. కాబట్టి జాగ చూసేటప్పుడు పక్క ఇంటి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి తెల్లారి దాకా ఉంచి చూడండి. అయినా కంటికి కనబడని విషం ఉంటుంది, పరీక్ష చేయించండి. పగలు ఒకసారి పోతే రాత్రి ఒకసారి పోండి. చాలాచోట్ల వాసన రాత్రిపూటే వస్తుంది. ఎంత దూరంలో ఏ ఫ్యాక్టరీ ఉందో కనుక్కోండి. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామిక వాడలో ఒక మందుల ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. చౌక జాగ ఎందుకు చౌకో ఒకసారి ఆలోచించాలి.

అమ్మేవాడికీ ఒక మాట

ఈ శీర్షిక చదివేవాళ్లలో కొనేవాళ్ల కంటే అమ్మకానికి వత్తిడి పడుతున్న చిన్న రైతులే ఎక్కువ. వాళ్లకు చెప్పేది: "రింగురోడ్డుల పోతది, సర్కారు ఏమియ్యదు, ఇప్పుడే మాకు రాసియ్యి" అని దళారీ బెదిరిస్తే లొంగొద్దు.

2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువ లెక్కగట్టి, దానికి సమానంగా మరో నూరు శాతం సొలేషియం కలిపి ఇవ్వాలి. చుట్టుపక్కల రిజిస్ట్రేషన్లలో రాసిన ధర చూసే ఆ విలువ కడతారు. అందుకే స్టాంపు డ్యూటీ తగ్గించుకుందామని కాగితంలో తక్కువ ధర రాస్తే, రేపు ఊరందరి పరిహారానికీ గండి పడుతుంది.

అసైన్డు భూమి అయితే పరిహారం రాదన్న మాట అబద్ధం. చేవెళ్ల ఆర్డీవో కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం, ప్రజావసరానికి అసైన్డు భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని తీర్పు చెప్పింది. సెంటు భూమి లేని వ్యవసాయ కూలీకి కూడా హక్కుంది. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడి పొలాల్లో పనిచేసి బతుకుతున్న కుటుంబం 2013 చట్టం కింద బాధిత కుటుంబమే. ఆ సంగతి ఏ అధికారీ ఇంటికొచ్చి చెప్పడు. సంఘం పెట్టుకొని, పనిచేసిన వాళ్ల పేర్లు రాసి పెట్టుకొని మనమే అడగాలి.

జాగ్రత్త ఒక్కటే చాలదు

పైన చెప్పినవన్నీ చేసినా, ఒక కూలీ ఒంటరిగా ఎన్ని ఆఫీసులు తిరగగలడు? ఖాస్రా పహాణీ అంటే ఏమిటో తెలియకపోవడం ఆయన తప్పు కాదు. స్టాంపు డ్యూటీ వసూలు చేసింది సర్కారే, కరెంటు మీటరు ఇచ్చింది సర్కారే, ఇంటి పన్ను కట్టించుకున్నది సర్కారే. పదేళ్ల తర్వాత ఇది మా భూమి అని బుల్డోజరు పంపేది కూడా సర్కారే. మోసం చేసిన లేఅవుటు యజమాని అప్పటికి ఇంకో ఊళ్లో రాళ్లు పాతుతుంటాడు. కొనేవాడు జాగ్రత్తగా ఉండాలని నీతులు చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు.

కనుక మనం అడగాల్సినవి ఇవి. ప్రతి ఊళ్లో అసైన్డు, శికం, భూదాన్, వక్ఫ్, సర్కారీ సర్వే నంబర్లు పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. నిషేధిత భూమి రిజిస్టరు చేసిన అధికారి మీద, అమ్మిన వ్యాపారి మీద ముందు కేసు పెట్టాలి. కూలీ ఇల్లు కూల్చడానికి ముందు ఆయనకు వేరే జాగ చూపించాలి, ఆయన పైసలు వ్యాపారి ఆస్తిలోంచి రాబట్టి ఇవ్వాలి. పెద్దల చేతిలో చిక్కిన అసైన్డు భూములను 1977 చట్టం ప్రకారం అసలు పేదలకు తిరిగి ఇప్పించాలి. ఈ పారిశ్రామిక బెల్టులో పనిచేసే ప్రతి కూలీ కుటుంబానికి ఇంటి స్థలం ఇవ్వాలి. ఫ్యాక్టరీలకు వేల ఎకరాలు దొరికిన జిల్లాలో, వాటిని నడిపే చేతులకు నూరు గజాలు దొరకవా?

తాపీ అన్న ఆ జాగకు బయానా ఇవ్వలేదు. సర్వే నంబరు అడిగితే దళారీ రెండు రోజులు తిప్పి, మూడో రోజు ఫోను ఎత్తడం మానేశాడట. ఇప్పుడు ఆయన అడ్డా మీద ఇంకొందరిని కూడగట్టి ఇంటి స్థలాల దరఖాస్తు రాయిస్తున్నాడు. ఊళ్లో తండ్రి పోగొట్టుకున్న ఎకరంన్నర సంగతి కూడా తహసీల్దారును అడుగుతానంటున్నాడు. అడగాలి. ఆ ఎకరంన్నర ఆయనదే.